మహిమ గొంతులో ఉన్నవాళ్ళు

మిట్టమధ్యాహ్నం కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే మా అత్త అంకమ్మ గొంతు వినబడింది. ఆమె చనిపోయి ఏడాది దాటింది.

ఆమె రోజూ చదివే కీర్తనే అది. మూడో వచనం తర్వాత వచ్చే పొడిదగ్గు కూడా వచ్చింది. తిరిగి చూస్తే టార్పాలిన్ పట్టా నీడలో మంచం మీద నా తొమ్మిదేళ్ళ కూతురు మహిమ కూర్చుని ఉంది. దాని ఒళ్ళో అత్త బైబిలు తలకిందులుగా ఉంది. మూడో తరగతి వాచకంలో ఒక్క వాక్యం చదవలేని పిల్ల అది.

అంతకు నెల ముందే దాని టీచరు బిందుమాధవిగారు నన్ను పిలిపించారు. "మహిమకి డిస్లెక్సియా ఉన్నట్టుందండి. బుర్ర చురుకైందే, అక్షరాలే పట్టుబడట్లేదు. గుంటూరులో పరీక్ష చేయిద్దాం. ఈలోపు కొట్టకండి, పాఠం మీరే చదివి వినిపించండి" అన్నారు. బద్ధకానికి ఇంగ్లీషు పేరు పెడితే జబ్బయిపోతుందా అనుకుని మొహం మాడ్చుకుని వచ్చేశాను. చదివి వినిపించాను, నిజమే. చెవి మెలేస్తూ వినిపించాను.

ఇప్పుడేమో దాన్ని అత్తే పట్టుకుందనిపించింది. సంఘంలోనూ అందరిదీ అదే మాట. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వదిలిద్దామన్నారు. "వదిలేదాకా పిల్లకి అన్నం పెట్టొద్దు రెబ్కా" అన్నారు పాస్టరుగారు. నా భర్త ఎలీషా ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. గురువారం నుంచి నేను పెట్టలేదు. అన్నం గిన్నె నా చేతులతోనే అటక మీద పెట్టాను.

శుక్రవారం చర్చిలో దాన్ని చాప మీద కూర్చోబెట్టారు. పెదాలు ఎండిపోయాయి. చుట్టూ ఏడుపులు, చప్పట్లు. పాస్టరుగారు తల మీద చెయ్యి అదిమారు.

"ఎవరు నువ్వు?"

పిల్ల బెదిరిపోయి కీర్తన అందుకుంది. అదే గొంతు, అదే దగ్గు. ఎవరో కెవ్వుమన్నారు.

"ఇంకెవరున్నారు? చెప్పు! ఇంకా చెప్పు!"

ఇంకేదో అప్పజెప్పమంటున్నారనుకుంది. నావైపు చూస్తూ నోరు తెరిచింది.

"చెరువులో కొంగ ఉంది. కళ్ళు పోయాయా? మళ్ళీ చదవవే, మొద్దుమొహందానా! నా కడుపున చెడబుట్టావు కదే!"

చప్పట్లు ఆగిపోయాయి. అది నా గొంతు. ఆ విసురు నాదే, చివర్లో పళ్ళు కొరికిన చప్పుడూ నాదే. అందరూ నన్ను చూశారు. చచ్చిపోయిన అత్త పట్టిందంటే నమ్మాను. బతికుండి పక్కనే కూర్చున్న నేనెలా పట్టాను?

ఎలీషా లేచాడు. "మా అమ్మకి చదువు రాదు పాస్టరుగారూ. ఆ కీర్తన విని నేర్చుకుంది. పుస్తకం ఊరికే పట్టుకునేది. పరువు పోతుందని నన్నెవరికీ చెప్పనివ్వలేదు. మహిమకీ అలాగే నేర్పింది."

సిగ్గుతో చచ్చిపోయాను. పాస్టరుగారి చెయ్యి తోసేసి, పిల్లని ఎత్తుకుని ఇంటికొచ్చి పెరుగన్నం కలిపి తినిపించాను. పరీక్షకి ఎప్పుడు రమ్మంటారని బిందుమాధవిగారికి ఫోను చేశాను.

సాయంత్రం వాచకం తీసుకుని దాని పక్కన కూర్చుంటే, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"కొట్టను తల్లీ" అన్నాను. చేతులు మెల్లగా దించాక, "చెరువులో కొంగ ఉంది" అని చదివాను.

అది నా మొహంలోకే చూస్తూ, నా గొంతుతోనే చెప్పింది. "చెరువులో కొంగ ఉంది. కళ్ళు పోయాయా?"

"అది పాఠంలో లేదమ్మా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"ఉందిగా అమ్మా" అంది. "నువ్వు రోజూ చదివేదానివిగా."