నాలుగో దళవాయి

మా కులంలో పుట్టిన పాతకాలపు సేనాపతి దళవాయికి ఈ ఊళ్ళో ఇప్పటికే మూడు విగ్రహాలున్నాయి. పురసవాక్కంలో ఉన్నది ఇనుప బోనులో ఉంది. ఎవరైనా చెప్పుల దండ వేస్తే గొడవలవుతాయని పోలీసులే బోను కట్టించమన్నారు. ఎంతటి సేనకూ వెరవని వీరుడని కింద చెక్కించి, పైన తాళం వేశారు. రెండోదాని నెత్తి మీదుగా వంతెన వచ్చింది. అప్పటి నుంచి ఆయన కత్తి ఎత్తి వంతెన అడుగుభాగాన్ని బెదిరిస్తున్నాడు. మూడోది ఫైబరుతో చేయించారు. తుపానుకు కత్తి విరిగి పిడి మాత్రం మిగిలింది. దూరం నుంచి చూస్తే ఐస్‌క్రీం తింటున్నట్టు ఉంటాడు.

దళవాయి ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. మా కులసంఘం పాత అధ్యక్షుడు శిల్పికి తన మామగారి ఫోటో ఇచ్చి, కళ్ళజోడు తీసేసి మీసం పెట్టమన్నాడు. నేను చరిత్రలో బి.ఏ. చదివినవాణ్ణి. బతుకంతా హార్బరు ఆఫీసులో గుమాస్తాగా గడిపినా పాత పుస్తకాలు తిరగేసే అలవాటు పోలేదు. దళవాయి గురించి నాకు దొరికిన ఆధారం ఒక్కటే: గుర్రాలకు ఉలవలు చాలడం లేదని ఆయన పైవాళ్ళకు పెట్టుకున్న అర్జీ. అది చదివినప్పుడు ఆయన మీద గౌరవం కలిగింది. విగ్రహం లేచినప్పుడల్లా ఆ గౌరవం కొంచెం కొంచెంగా తరుగుతూ వచ్చింది.

నాలుగోది మా ఇంటి ముందు పెడతామని శ్రీకుమార్ వచ్చాడు. అతనికి సౌకార్‌పేటలో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ అంగడి ఉంది. సంఘానికి కొత్త అధ్యక్షుడు. వరసకు నన్ను మామా అంటాడు. రోడ్డు మీద విగ్రహాలు పెట్టనివ్వడం లేదు కాబట్టి సొంత పట్టా ఉన్న జాగా కావాలన్నాడు. తొండియార్‌పేటలో మా ఇల్లు సరిగ్గా వీధి మలుపులో ఉంది. ప్రహరీ కూలిపోయాక నేను మళ్ళీ కట్టించలేదు. వీధికీ అరుగుకూ మధ్య పన్నెండడుగులు ఖాళీగా ఉందని అతని ఉద్దేశం.

అది ఖాళీగా లేదు. అక్కడ చెంగమ్మ ఇస్త్రీ బండి ఉంది. ఇరవయ్యేళ్ళ కిందట ఒక వానరోజు, బొగ్గులు తడిసిపోయి దిక్కుతోచక నిలబడ్డ ఆమెను చూసి నా భార్య వసంతలక్ష్మి బండి లోపలికి తోసుకోమంది. ఆ బండి మళ్ళీ బయటికి పోలేదు. వసంత పోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి నా చొక్కాలకు బొత్తాలు ఊడితే, ఇస్త్రీ నుంచి వచ్చేసరికి కుట్టి ఉంటాయి. ఆ మాట చెంగమ్మ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"బండే గదా మామా, తోస్తే పోతింది," అన్నాడు శ్రీకుమార్. విగ్రహం చుట్టూ బోను వస్తుందట, ఫైబరు పక్కన నిప్పులు పనికిరావట.

తోస్తే ఎక్కడికి పోతుంది? ఎదుటి పక్కంతా మురుగు కాలువ. మలుపు దాటితే వేరే ఇస్త్రీవాళ్ళ వీధి. ఒకరి వీధిలోకి ఇంకొకరు బండి తోసుకుపోరు, అది వాళ్ళ కట్టుబాటు. ఈ పన్నెండడుగులు పోతే చెంగమ్మ పని పోయినట్టే. అయినా ఎదుటి మనిషిని కాదనడం నాకు చేతకాదు. ఆదివారం సంఘం సభలో నా మాట చెబుతానన్నాను.

పురసవాక్కంలో ఒక కల్యాణమండపంలో సభ. చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుపోయాను. నన్ను వేదిక ఎక్కించారు. చెమటలు కారుతుంటే ఎవరో పుణ్యాత్ముడు ఫ్యాను నా వైపు తిప్పాడు. కాగితం తీసేలోగా శ్రీకుమార్ జరీ శాలువా విప్పి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అలా నిలబడితే ఈ ఊళ్ళో పుట్టిన ఎవడికైనా మెడ దానంతటదే వంగుతుంది. తుమ్మును ఆపుకోగలమా? వంచాను. కప్పాడు. ఆ క్షణంలోనే మైకులో "స్థలదాత మునిరత్నం గారు" అన్నారు. చప్పట్లు మోగాయి. మా సభల్లో శాలువా కప్పించుకున్నవాడు తర్వాత మాట మార్చడు. అది చేవ్రాలు కన్నా గట్టిది. ఫోటోకు చేతులు జోడించమన్నారు, జోడించాను. ఆ తర్వాత ఒకాయన, దళవాయి ముప్పైవేలమందిని ఒంటిచేత్తో ఎలా తరిమాడో గంటసేపు చెప్పాడు. ఒంటిచేత్తో తరిమేవాడికి సైన్యం ఎందుకో, ఆ సైన్యానికి గుర్రాలెందుకో ఎవరూ అడగలేదు. నేను మాత్రం అడిగానా? శాలువా కింద ఉక్కపోస్తుంటే అలాగే కూర్చున్నాను.

మర్నాటికల్లా మా వీధి నిండా పోస్టర్లు. శాలువాలో నేను, నా వెనక మీసం పెట్టుకున్న ఎవరి మామగారో. చెంగమ్మకు చదువు రాదు. ఫోటో చూస్తే చాలు.

"ఎప్పుడు ఎత్తేయాల సార్?" అని అడిగింది.

జాగా నేనివ్వలేదని చెప్పాను. అడగకుండానే శాలువా కప్పేశారని చెప్పాను.

"వాళ్ళు కప్పినారు సరే. మెడ వంచింది ఎవురు?"

కోపంగా అనలేదు.

ఆ రోజు ఆమె బొగ్గులు అంటించలేదు. ఇస్త్రీకి వచ్చిన బట్టల మూటలన్నీ ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేసింది. నాదీ ఇచ్చింది. శ్రీకుమార్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నా త్యాగాన్ని మెచ్చుకుని పెట్టేశాడు.

గురువారం పొద్దున్నే పునాది తవ్వడానికి గడ్డపారలతో మనుషులు దిగారు, వాళ్ళ వెంట శ్రీకుమార్. సుద్దతో నేల మీద చదరం గీశారు. చెంగమ్మ బండి చక్రాల కింద రాళ్ళు తీసేస్తోంది. నేను లోపలికి పోయి కుర్చీ తెచ్చి ఆ చదరం మధ్యలో వేసుకుని కూర్చున్నాను. తవ్వేవాళ్ళు నన్ను చూసి, తర్వాత శ్రీకుమార్‌ను చూశారు.

"ఏంది మామా ఇది? సభలో ఒప్పుకున్నారు గదా."

"మెడ వంచాను. తప్పు నాదే. జాగా మాత్రం ఇవ్వలేదు."

"దళవాయికి ఈడ చోటు లేదంటారా? మన దళవాయికి?"

"ఆయనకు మూడు చోట్లున్నాయి. ఈమెకు ఇదొక్కటే."

"ఇస్త్రీ బండికీ ఆయనకూ పోటీనా?" అన్నాడు.

"పోటీ ఎక్కడిది? ఈమె పనికొస్తుంది."

ఆ మాట అంత మెత్తగా నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. తవ్వేవాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. శ్రీకుమార్ ముఖం నల్లబడింది. అతను దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"ఒంటరి మనిషి మీరు. రేపు మీకేదన్నా అయితే మనోడు ఒక్కడు కూడా గడప తొక్కడు. యోచన చేసుకోండి."

అది ఉత్త బెదిరింపు కాదు. మా వాళ్ళలో పాడె మోయడానికి సంఘమే మనుషుల్ని పంపుతుంది. వసంతకూ సంఘమే పంపింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"రాకపోతే నేను చూడను గదా," అన్నాను.

అతను గడ్డపారలను ఆటో ఎక్కించాడు. సంఘం జాబితాలోంచి నా పేరు ఆ సాయంత్రమే కొట్టేశారని తెలిసింది. నాలుగో దళవాయి అతని గోదాంలో ప్లాస్టిక్ బకెట్ల మధ్య వెల్లకిలా పడుకున్నాడట. ఇన్నాళ్ళకు ఆ మహానుభావుడికి కాస్త విశ్రాంతి.

వాళ్ళు పోయాక చెంగమ్మ కృతజ్ఞత చెబుతుందేమోనని కొంచెం ఎదురుచూశాను, దాచుకోవడమెందుకు. ఆమె చక్రాల కింద రాళ్ళు మళ్ళీ పెట్టింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు పోసి, అంటించి, విసనకర్రతో విసిరింది. నిప్పులు ఎర్రబడ్డాక నా వైపు చూసింది.

"ఆ చొక్కా ఇప్పండి సార్. ఎంత నలిగిపోయుందో చూసినారా? ఈ చొక్కాతోనా వాడితో మాట్లాడింది?"

వీధిలో బనీనుతో నిలబడి చొక్కా అందించాను. ఆమె దాన్ని బండి మీద పరిచి, నీళ్ళు చిలకరించి, ముందు కాలరు పట్టుకుంది.