చెవి చేసిన నేరం

టెలిగ్రాఫుకు ఇంకో ఏడాది ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలా వద్దా తేల్చడానికి కాంగ్రెసు సభ్యుడు ఒబడయా క్రోవెల్ వాషింగ్టన్ తంతి ఆఫీసుకు వచ్చాడు. వస్తూనే బల్ల కిందికి వంగి చూశాడు, ఆ తర్వాత తెర వెనక వెతికాడు. సొంత పెళ్లాం ఇచ్చిన కాఫీని కూడా వాసన చూసి గానీ తాగడని ఆయనకు పేరు.

అక్కడ తంతి కొట్టేవాడు సైలస్ హాకెట్. సొమ్ము ఆగితే అతనికి ఈ ఉద్యోగం ఉండదు. ఇంట్లో చూస్తే భార్యకు నెలలు నిండాయి.

"బాల్టిమోర్‌లో నా స్నేహితుడి చేతిలో సీలు వేసిన కవరుంది," అన్నాడు క్రోవెల్. "పన్నెండింటికి విప్పి, అందులో ఉన్నది తంతి కొట్టిస్తాడు. కనికట్టు నా దగ్గర సాగదు."

"కనికట్టే తెలిస్తే ఈ జీతానికి ఎందుకుంటానయ్యా?" అన్నాడు సైలస్.

పన్నెండయింది. యంత్రం టకటకలాడింది. చుక్కలూ గీతలూ పడుతూ సన్నటి కాగితం పట్టీ బయటికి రాసాగింది. దాన్ని చూసి అక్షరాలు పోల్చుకోవాలని నియమం. ఏడాదిగా ఆ చప్పుడే వింటున్న సైలస్‌కు కాగితంతో అవసరం తీరిపోయింది. కిటికీలోంచి బయటికి చూస్తూనే రాసిచ్చాడు: "కవరు ఖాళీ. ఒబడయా, నీకు మతి పోయిందా?"

క్రోవెల్ మొహం పాలిపోయింది. కవరులో ఏమీ పెట్టలేదన్న సంగతి ఆయనకు తప్ప నరమానవుడికి తెలియదు.

"సరే, పనిచేస్తోంది. మరి నువ్వు కాగితం చూడలేదేం?"

"చూడక్కర్లేదయ్యా. ఆ చప్పుడే నాకు మాటల్లా వినిపిస్తుంది." సైలస్ గర్వంగానే చెప్పాడు. అదే కొంప ముంచింది.

"అంటే మా గుట్టంతా నీ చెవిలోనేనన్నమాట. కాగితమైతే పొయ్యిలో వేస్తా. నీ చెవినేం చెయ్యను?"

క్రోవెల్ అక్కడే కూర్చుని రాశాడు: సొమ్ము ఇవ్వవచ్చు, చెవితో చదివేవాణ్ణి మాత్రం కొలువులో ఉంచకూడదు. ఈ సొమ్ము సంగతి చూసే కమిటీ పెద్ద బాల్టిమోర్‌లో ఉన్నాడు, ఆయన ఒప్పుకుంటే చాలు. ఆ కాగితాన్ని పంపమని సైలస్ చేతికే ఇచ్చాడు.

ఒక్క మాట మింగేసినా క్రోవెల్ కనిపెట్టలేడు. సైలస్ మింగలేదు. అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు.

జవాబు టకటకలాడింది. రెండే మాటలు: "ఒప్పుకున్నా. తీసెయ్."

"ఏమన్నాడు?"

సైలస్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాగితం ఇంకా బయటికి రాలేదయ్యా. రానివ్వండి, చూసి చెప్తాను."