రోజెన్‌థాలర్ స్టేషన్ మీది వంటిల్లు

బెర్లిన్‌కు అడ్డంగా గోడ లేచినప్పుడు గెర్లిండ పడమటి వైపు ఉండిపోయింది, వాళ్ల నాన్న ఎవాల్డ్ తూర్పు వైపు. రోజెన్‌థాలర్ స్టేషన్‌కు సరిగ్గా పైనే ఆయన ఇల్లు. రిటైరయ్యేదాకా ఆ స్టేషన్‌కు ఆయనే మాస్టరు.

మా పడమటి వాళ్ల మెట్రో మాత్రం తూర్పు కింద నుంచి పోతూనే ఉండేది. అక్కడి స్టేషన్లు మూసేశారు. బండి నెమ్మదిస్తుంది గాని ఆగదు. నేనూ గెర్లిండా ఒకే కుట్టు కార్ఖానాలో పనిచేసి, కలిసే ఇంటికొచ్చేవాళ్లం. రోజెన్‌థాలర్ రాగానే ఆమె మాట మధ్యలో ఆపి కిటికీకి ముఖం ఆనించేది. గుడ్డి దీపం, దుమ్ము పట్టిన బెంచీలు, తుపాకి పట్టుకున్న సిపాయి. మెట్లెక్కి పైకి వెళితే నాన్న. ఉత్తరాలు వచ్చేవి గాని, ఎవరో విప్పి చదువుతారన్న భయంతో వాటిలో ఒంట్లో బాగోగులు, వానలు తప్ప ఏమీ ఉండేవి కావు.

రెండేళ్లకు, క్రిస్మస్ పండగకు ఒక పూట తూర్పుకు వెళ్లిరావడానికి మొదటిసారి అనుమతులిచ్చారు. గెర్లిండ మంచులో వరసలో నిలబడి తెచ్చుకుంది. కాఫీ పొడి, చాక్లెట్లు పట్టుకుని వెళ్లింది. తలుపు తీసిన నాన్న చిక్కి సగమయ్యాడట. కూతుర్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదట. ఆ తర్వాత మొదట అడిగింది స్టేషన్ గురించే.

"గోడల పలకలు అలాగే ఉన్నాయామ్మా?"

"వెలుతురేదీ నాన్నా, రంగు కూడా తెలియట్లేదు."

"ఆ సిపాయి టోపీ అయినా సరిగ్గా పెట్టుకుంటాడా?"

"ఏడ్చాడు. గోడకానుకుని కునికిపాట్లు పడుతుంటాడు."

ఆయన నవ్వాడట. వంటింట్లో కాఫీ తాగుతుండగా నేల సన్నగా వణికి కప్పులు గలగలమన్నాయి. ఎవాల్డ్ చెయ్యెత్తి మాట్లాడొద్దన్నాడు. చప్పుడు పోయాక చెప్పాడు.

"రోజూ ఆరింటి బండికి ఇక్కడే కూర్చుంటా. పని వదిలాక నువ్వొచ్చేది అందులోనేగా. మా అమ్మాయి ఇంటికెళ్తోంది అనుకుని, అప్పుడు రొట్టె తింటా."

గోడ లేచిన కొత్తలోనే మా షిఫ్టు మారింది. ఆరింటికల్లా మేము ఇళ్లలో ఉండేవాళ్లం. ఆయన ఎదురుచూసిన బండిలో అప్పట్నుంచి ఆమె ఒక్కరోజూ లేదు.

"అవును నాన్నా, అందులోనే," అంది.

పండగయ్యాక కుట్టు మిషను ఆపి ఇదంతా నాకు చెప్పింది. ఆ సాయంత్రం నాతో రాలేదు. నన్ను వెళ్లమని, తను కార్ఖానా పక్కనున్న కాఫీ కొట్టులో కూర్చుంది. మర్నాడూ అంతే. ఒకరోజు నేనూ ఆమెతో ఉండిపోయి ఆరింటి బండి ఎక్కాను. కాలు పెట్టే చోటు లేదు. రోజెన్‌థాలర్‌లో బండి నెమ్మదించినప్పుడు గెర్లిండ తలెత్తి, "తిను నాన్నా," అని మెల్లగా అంది.

మరుసటి వేసవిలో ఎవాల్డ్ పోయాడు. అంత్యక్రియలకు అనుమతి దొరకలేదు. ఆ రోజు కూడా ఆమె ఆరింటి బండే ఎక్కింది.