ఎనిడ్ వంటింటి కిటికీ

ఏటా మే నెలలో మా ఎల్డర్‌విక్ ఊరివాళ్లమంతా విల్లో బెత్తాలు పట్టుకుని పొలిమేర చుట్టూ నడుస్తాం. హద్దురాయి కనిపిస్తే చాలు, బెత్తాలతో బాదుతాం. నడిచినంత మేరా మాది, నడవనిది పక్క ఊరిది. హద్దు ఎటు పోతే అటే పోవాలి, ముళ్లపొద అడ్డొచ్చినా సరే, ఇల్లు అడ్డొచ్చినా సరే. ఊళ్లో పబ్బు నడిపేది నేనే, డార్కస్‌ని. చివర్లో బీరు పోసేదీ నేనే కాబట్టి ఈ మొండిఘటాల సంగతి నాకు బాగా తెలుసు.

తూర్పున మా హద్దు పాత వాగు. వరదకి వాగు దారి మార్చుకుంది గానీ మేం మార్చుకోలేదు. పూడిపోయిన వాగు మీద రూబెన్ టర్ల్ ఇల్లు ఉంది. వెనక వంటింటి కిటికీలోంచి దూరి, ముందు గుమ్మంలోంచి బయటపడేవాళ్లం. అలా దూరి వెళ్లిన ఇల్లు మాదే అని లెక్క.

చాలా ఏళ్ల కిందట రూబెన్, అతని భార్య ఎనిడ్‌ల పసిపాప రోజ్ జ్వరంతో పోతే చర్చి ఆవరణలో పాతిపెట్టాం. ఉయ్యాల ఉన్న ఆ వంటింట్లో మా నవ్వులు వినలేక మరుసటి ఏడు ఎనిడ్ కిటికీ మూసేసింది. పాపం, ఎవరేమంటారు? జాలిపడి ఇంటిని అవతలికి వదిలేసి చుట్టూ తిరిగి వెళ్లాం. ఆ తర్వాత అదే అలవాటైంది. మా జాలి ఆ ఇంటిని ఊరవతల పడేసిందని ఒక్కరికీ తట్టలేదు.

ఈ వసంతంలో రూబెన్ మంచాన పడ్డాడు. రోజ్ పక్కన పడుకోబెట్టండి, అదొక్కటే అడిగాడు. చర్చి ఆవరణలో సమాధులకి చోటు బాగా తక్కువ. హద్దులోపలి వాళ్లకే ఇవ్వగలనని క్విల్టర్ పాదిరిగారు తల దించుకుని చెప్పారు. నాకు ఒళ్లు మండింది. నేరుగా ఎనిడ్ దగ్గరికి పోయాను.

"ఆ కిటికీ తియ్యవే."

"మళ్లీ ఇకిలించుకుంటూ వస్తారుగా?"

"ఇకిలిస్తే పళ్లు రాలగొడతా."

"పోవే, పోయి నీ బీరు చూసుకో," అని తలుపేసుకుంది.

హద్దు నడిచే రోజు రానే వచ్చింది. కంచె దగ్గర అందరూ అలవాటుగా పక్కకి తిరిగారు. నేను తిరగలేదు. కిటికీ తెరిచి ఉంది. లోపల ఎనిడ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

మగాళ్లు బూట్లు విప్పి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కరే లోపలికి దిగారు. కమ్మరి జెత్రో పొట్ట కిటికీలో ఇరుక్కుంది. నవ్వితే ఏమవుతుందోనని అందరూ పెదాలు కొరుక్కున్నారు.

పక్క గదిలోంచి రూబెన్ దగ్గుతూ అరిచాడు. "ఎవర్రా అది? దొంగల్లా అడుగులేంటి?"

"మేమే, రూబెన్. చప్పుడు చెయ్యకుండా పోతాంలే," అన్నారెవరో.

"చప్పుడు లేకపోతే హద్దెట్టా అవుద్దిరా? కొట్టండి!"

ఒక్కరూ చెయ్యెత్తలేదు. అందరూ ఎనిడ్ వైపే చూస్తున్నారు.

"ముందు నన్ను లాగండ్రా బాబూ," అన్నాడు జెత్రో.

ఎనిడ్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది. ఆమె జెత్రో చేతిలో బెత్తం లాక్కుని, ఉయ్యాల ఉండిన మూల గోడను ఠపీమని కొట్టింది. మళ్లీ కొట్టింది. అంతే, ఇల్లంతా బెత్తాల మోతతో దద్దరిల్లింది. లోపలి నుంచి రూబెన్ "అదీ! అట్టా కొట్టండి!" అంటున్నాడు.

పాదిరిగారు ఆమె దగ్గరికి వచ్చారు. "ఈ ఇల్లు మనదేనమ్మా. రోజ్ పక్కన రూబెన్‌కి చోటు కొలిపిస్తాను."

ఎనిడ్ బెత్తం కింద పెట్టలేదు.

"ఇద్దరికి కొలిపించండి," అంది. "నేను మాత్రం ఇంకెక్కడికి పోతాను?"