ఉక్కపోత శిక్షణ

సూరత్‌లోని లింబాయత్ గల్లీల్లో నర్సింగం ఒట్టు గురించి తెలియనివాళ్లు లేరు. ఆయన కూతురు సంతోషి తండ్రి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానా గడప తొక్కకూడదు. సద్ది గిన్నె ఇవ్వడానికి కూడా రాకూడదు. ఎప్పుడైనా సద్ది మర్చిపోతే పస్తయినా ఉంటాడు గానీ పిల్లతో తెప్పించుకోడు. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చినప్పటి నుంచీ ఆయన్ని ఆ కార్ఖానాయే పిండేసింది. చెవులు సాంచాల చప్పుడుకు సగం పోయాయి, మిగతా ఒళ్లు ఉక్కపోతకు పోయింది. అక్కడ ఫ్యాను వేయరు, కిటికీ తీయరు. గాలి తగిలితే పోగులు చెదిరి తెగుతాయట. పోగుకున్నపాటి గౌరవం మనిషికి లేకపోయె, ఏం చేస్తాం!

సంతోషి మాత్రం పరుగు పట్టుకుంది. రేకుల ఇంట్లో ఉడుకుతూ పెరిగి, కాలేజీ నుంచి ఎండలో వచ్చి, మళ్లీ అదే ఎండలో మైదానానికి పోయి, ఐదు వేల మీటర్ల పరుగులో జిల్లాను వెనక పడేసింది. మే నెలలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. అందులో నెగ్గితే జట్టులో చోటు, దాని వెంట రైల్వేలో క్రీడల కోటా ఉద్యోగం మీద ఆశ. ఓడితే ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించడమే.

అందుకని తండ్రి ప్రేమ పొంగింది. నర్సింగం కిస్తుల మీద ఏసీ కొన్నాడు. ఉన్న రెండు గదుల్లో ఒకటి పూర్తిగా బిడ్డకే ఇచ్చాడు. తల్లి పద్మారాణి పిల్లమీద ఎండ పొడ పడనిస్తే కదా! చీకటితోనే పరుగు, ఆ తర్వాత రోజంతా చల్లగది, చల్లటి మజ్జిగ. మొగుడూపెళ్లాలిద్దరూ గుమ్మం బయట, ఏసీ వెనక నుంచి కొట్టే వేడిగాలిలో ఆనందంగా పడుకునేవాళ్లు.

పోటీ దగ్గర పడ్డాక కోచ్ రఘుపతి ఒకరోజు సాయంత్రం ఎండలో పరీక్షకని పరుగెత్తించాడు. పొద్దున గుర్రంలా ఉన్న పిల్ల సగం దూరానికే వేలాడిపోయింది. కంగారుపడి తండ్రీకూతుళ్లను సాయిప్రియ దగ్గరికి తీసుకుపోయాడు. బ్యాంకు ఉద్యోగి ధర్మారావు కూతురామె. ఆటగాళ్ల ఒంటి కదలికల మీద పెద్ద చదువు చదివింది.

ఆమె సంతోషి మోకాళ్లకూ చీలమండలకూ గుర్తు బిళ్లలు అంటించి, చల్లగదిలో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి వీడియో తీసింది. వంక పెట్టడానికి లేదు. అదే పిల్లను బయట ఎండలో తీస్తే అడుగు కురచైపోయింది, నడుము ఒక పక్కకు కుంగింది.

“ఒళ్లు వేడెక్కితే దాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. కాళ్లకు అందేది తగ్గుతుంది, గుండె గాభరా పడుతుంది” అన్నది సాయిప్రియ. “పోయినేడు ఇదే ఎండలో గెలిచింది కదండీ. ఈమధ్య ఇంట్లో ఏమైనా మారిందా?”

నర్సింగం ఛాతీ విరుచుకున్నాడు. “ఏసీ వెట్టిచ్చిన మేడం. నా బిడ్డకు చెమట సుక్క పట్టకుంట సూసుకుంటున్న.”

“అదేనండీ ముంచింది.”

నర్సింగం ముఖం మాడిపోయింది. వేడి అలవాటైన ఒంటికి చెమట త్వరగా పడుతుందనీ, గుండె నిదానిస్తుందనీ, ఆ అలవాటు చల్లదనంలో కరిగిపోతుందనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. రెండు వారాలు రోజూ కాసేపు వేడిగదిలో సైకిలు తొక్కితే అలవాటు తిరిగొస్తుంది. నీళ్లు, బరువు, ఒంటి వేడి చూస్తూ తను పక్కనే ఉండాలి. పెద్ద క్రీడా కేంద్రాల్లో అలాంటి గదులుంటాయి, డబ్బు కట్టాలి. తలుపులన్నీ మూసి, గాలి ఆడకుండా, లోపలంతా ఉక్కగా ఉంచుతారు.

రఘుపతి మెల్లగా అన్నాడు. “నర్సింగం భాయ్, గసొంటి గది నీకు ఎరికున్నదే గద.”

నర్సింగానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జనం డబ్బు కట్టి కూర్చునే గదిలో కార్ఖానా శేఠ్ తనకు ఎదురు జీతమిచ్చి ఇన్నేళ్లు కూర్చోబెట్టాడన్నమాట! ఈ సంగతి శేఠ్‌కు తెలిస్తే జీతం కోస్తాడేమోనని కూడా ఒక భయం వేసింది. అన్నిటికీ మించి ఒట్టు ఒకటుంది కదా. కుదరదన్నాడు, అలిగాడు, అన్నం మానేశాడు.

“బాపూ, నీ ఒట్టు గెలవాల్నా, నేను గెలవాల్నా?” అన్నది సంతోషి.

ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

శేఠ్ ఒప్పుకున్నాడు. సాంచాలకు దూరంగా ఓ మూల కదలని సైకిలు వేశారు. సంతోషి తొక్కింది, చెమటతో ముద్దయింది. సాయిప్రియ థర్మామీటరు పట్టుకుని తనూ ఉడికింది. ఒకరోజు తొక్కడం అయిపోయాక, వెళ్లిపోతున్న సంతోషి పక్కన ఒక పోగు తెగి సాంచా ఆగింది. పిల్ల చేయి చాపి చటుక్కున ముడేసింది. నర్సింగం ఆ చేతి మీద ఒక్కటి వేశాడు. “ముట్టకు!”

“హాథ్ సారో ఛే” అని శేఠ్ గుజరాతీలో మెచ్చుకున్నాడు, చేయి మంచిదని. ఆ మెప్పు నర్సింగానికి చెంపదెబ్బలా తగిలింది.

పోటీ రోజు ఎండ మండిపోయింది. ఒక్కొక్కరి అడుగూ కురచవుతుంటే సంతోషి అడుగు మాత్రం సాగింది. జట్టులో చోటు దక్కింది. నర్సింగం మైదానంలోనే కూలబడి ఏడ్చాడు.

కులసంఘం వాళ్లు శాలువా కప్పి, ఆయన చేతికి మైకిచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది. “మా కార్ఖానానే నా బిడ్డకు బడి! పెద్దపెద్దోళ్లు పైసల్ వెట్టి కూసునే ఉక్కపోత మనకు ముఫత్‌ల దొరుకుతది!” అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. వెనక నుంచి సాయిప్రియ “అలా కాదండీ, జాగ్రత్తలు ఉంటాయి” అంటూనే ఉంది. మైకు ఆమె చేతిలో లేదు.

సోమవారం పొద్దున కార్ఖానా గుమ్మంలో పక్క సాంచా నరహరి నిలబడ్డాడు. చేతిలో చిన్నకూతురు హారతి చేయి. పిల్ల కాళ్లకు కొత్త బూట్లు. వాళ్ల వెనక మరో ఇద్దరు తండ్రులు, వాళ్ల పిల్లలు.

“మా పోరి గూడ మస్తు ఉరుకుతదన్నా. జర లోపల కూసుండవెడ్త” అన్నాడు నరహరి.

“ఇంటికి తోల్కపో నరహరీ. సాయిప్రియ మేడం లేకుంట గిట్ల చేయొద్దు. పసిపిల్లలకు అసలే వద్దు.”

“నీ బిడ్డకైతే బడి, నా బిడ్డకైతే కాదా?”

శేఠ్ పెద్దమనసుతో తలుపు బార్లా తీశాడు. పిల్లలు ఎంతసేపైనా కూర్చోవచ్చన్నాడు. ఎలాగూ కూర్చుంటారు కాబట్టి ఊరికే ఉండక్కర్లేదని కూడా అన్నాడు.

అంతలో నర్సింగం సాంచాలోనే పోగు తెగింది. హారతి తండ్రి చేయి విడిపించుకుని ఉరికింది. సన్నటి వేళ్లు, ముడి ఇట్టే పడింది. కొట్టడానికి నర్సింగం చేయెత్తాడు. ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల తన పిల్ల కాదు.

“హాథ్ సారో ఛే” అన్నాడు శేఠ్.

సాంచా మళ్లీ ఆడింది.