నెల తప్పిన పలక

నోరు జారిందని చెప్పుకోవడానికి కూడా అతనికి వీల్లేదు. జారలేదు. ఆలోచించుకుని, టీ చల్లారేదాకా ఆగి, నలుగురూ వినేలా అన్నాడు.

వీధిలో అతన్ని డబ్బాలాయన అంటారు. పాత కంప్యూటర్లు తెచ్చి, విప్పి, దుమ్ము దులిపి, పనికొచ్చే భాగాలు ఏరి ఒక డబ్బాలో బిగించి, కొత్తవి కొనలేనివాళ్ళకి అమ్మేవాడు. అతని చేతి డబ్బా అంత తేలిగ్గా చచ్చేది కాదు. మొరాయించేది, మూలిగేది, నెత్తిన ఒకటిస్తే మళ్ళీ లేచేది. రోడ్డుకి అవతలి దుకాణం అతని తోడల్లుడిది. బోర్డు మీద టాబ్లెట్లు అని ఉంటుంది. టాబ్లెట్ అంటే జ్వరానికి మింగేదని జనానికి తెలుసు కాబట్టి వాటిని పలకలన్నారు. అమ్మేవాడు పలకలాయన అయ్యాడు.

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే దుకాణం, ఒకటే బల్ల. అక్కాచెల్లెళ్ళని చేసుకున్నవాళ్ళు గనక భోజనాలు కూడా కలిసే. డబ్బాలాయన భార్య పోయింది. ఆ తర్వాత ఏడాదిలోనే తోడల్లుడు ఒక పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అన్నయ్యా, డబ్బాలకి రోజులు చెల్లాయి. లెక్కలూ గిక్కలూ ఇకమీదట ఎక్కడో పెద్ద మిషన్లు చేసుకుంటాయి. మన చేతిలో ఒక అద్దం ఉంటే చాలు. దీనికి కీబోర్డు తగిలిస్తే నీ డబ్బా, పీకేస్తే నా పలక."

"విప్పు, చూద్దాం."

"విప్పడానికేం లేదు. స్క్రూలుండవు. అంతా జిగురే."

"విప్పలేనిదాన్ని యంత్రం అనరురా. సమాధి అంటారు."

"కంపెనీలన్నీ దీని వెంటే పడి కొట్టుకుంటున్నాయి. ఒకడు ధర తగ్గిస్తే ఇంకొకడు వాడికంటే తగ్గిస్తున్నాడు. కొన్నాళ్ళు పోతే చెప్పుల జత ధరకి వస్తుంది. అప్పుడు నీ డబ్బా ఎవడు మోసుకెళ్తాడు?"

"చెప్పు తెగితే కుట్టించుకుంటారు. ఇది పోతే?"

"పారేసి కొత్తది కొంటారు."

"అదా నువ్వు చెప్పే రాబోయే కాలం? చెత్తకుండీ?"

ఇద్దరి మాటలోనూ నిజముంది. జనం కొన్నది మాత్రం ఒకడి మాటే. బల్ల రెండైంది, దుకాణం రెండైంది, రోడ్డు మధ్యకొచ్చింది. పిల్లల చదువుకని తల్లులు పలకలు కొనుక్కుపోతుంటే డబ్బాలాయన ఇవతల కూర్చుని చూసేవాడు. ఊరికే చూడలేదు. కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

ఆ ఊళ్ళో పెద్ద బడి ఒకటుంది. దాని కంప్యూటర్ గదినిండా డబ్బాలాయన డబ్బాలే. ఇప్పుడు బడి వాళ్ళకి పలకల మీద మనసు మళ్ళింది. తరగతులన్నిటికీ కొనేముందు పరీక్షకని తోడల్లుడి దగ్గర కొన్ని తీసుకున్నారు. ఆ బేరం కుదిరితే పలకలాయన నిలదొక్కుకుంటాడు. దాన్ని నమ్ముకునే దుకాణం పెంచాడు, సరుకు ముందే దింపాడు. కుదరకపోతే షట్టరు దించుకోవడమే. ఈ సంగతి డబ్బాలాయనకి అందరికంటే బాగా తెలుసు.

పరీక్షకిచ్చిన పలకల్లో ఒకటి ఒక పిల్లాడి చేతిలోంచి కిందపడి ఆరిపోయింది. బడి అటెండరు దాన్ని పట్టుకొచ్చాడు. పలకలాయన సరుకు కోసం ఊరెళ్ళాడట.

"ఆయన లేడు సార్. మీరు చూడండి. మీ ఇద్దరూ ఒకటేగా!"

"ఒకటే. అక్కడ పెట్టు."

వేడిగాలి పెట్టి జిగురు కరిగించి తెరిచాడు. ఒక వైరు ఊడింది, అంతే. అతికించి మూసేస్తే అయిపోయేది. మూయలేదు. పాత సామాను డబ్బాలోంచి చచ్చిన పలక తాలూకు బ్యాటరీ ఒకటి తీశాడు. బ్యాటరీ బాగుందో లేదో చూడటానికి ఆ పనివాళ్ళకి ఒక తేలిక పద్ధతి ఉంది. అద్దం మీద పడుకోబెట్టి వేలితో తిప్పుతారు. మంచిదైతే అద్దాన్ని కరుచుకుని కదలదు. లోపల గాలి చేరినదైతే బొంగరంలా తిరుగుతుంది.

తిరిగింది.

దాన్నే పలకలో పెట్టి, మంచి బ్యాటరీ బయటికి తీసి, జిగురు పూసి మూశాడు. చార్జింగ్ పెట్టి చూశాడు. వెలిగింది. "చిన్న వైరు ఊడింది, అతికించాను" అని అటెండరుకి ఇచ్చాడు. ఏమీ తీసుకోలేదు. డబ్బాలాయన ఊరికే పని చేశాడంటే ఎవరికైనా అనుమానం రావలసింది. అటెండరు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

కొన్నాళ్ళకి హెడ్ మేడమ్ బల్ల మీద ఆ పలక పొట్ట ఉబ్బి, అద్దం ఒక పక్క పైకి లేచింది. అతన్ని పిలిపించారు. చూసి, "ఈ రకం సరుకు ఇంతే మేడమ్" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేశాడు. ఆవిడ పలకని బీరువాలో పెట్టి తాళం వేసింది. తోడల్లుడు వెళ్ళి అడిగినా చూపించలేదు. "మీ చేతికిస్తే మార్చేస్తారు" అంది.

అక్కడితో ఆగినా సగం పాపమే. టీ కొట్టు దగ్గర అటెండరు కదిపాడు.

"పాపం ఆ పలకకి అంత పొట్టేంటి సార్?"

డబ్బాలాయన టీ చల్లార్చుకున్నాడు. చుట్టూ చూశాడు.

"ఏముంది? మా తోడల్లుడి పలకలకి నెల తప్పింది."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. టీ పోసేవాడు నవ్వుతూ సగం గ్లాసు బయటే పోశాడు. నవ్వు తెప్పించే మాటకి కాళ్ళక్కర్లేదు. సాయంత్రానికి వీధి దాటింది, మర్నాటికి ఊరు దాటింది.

పలకలాయన దుకాణంలోకి వచ్చేవాళ్ళు ధర అడగడం మానేశారు.

"ఏమండీ, ఎన్నో నెల?"

"మంత్రసానిని చూసుకున్నారా, లేక బడివాళ్ళే పోస్తారా పురుడు?"

"కవలలైతే రెండోది ఉచితమా?"

అతను మొదట్లో నవ్వేవాడు. "కవలలైతే ఒకటి నేనుంచుకుంటాలెండి" అనేవాడు. మొగుడితో పాటు కౌంటర్ దగ్గర నిలబడే డబ్బాలాయన మరదలు నవ్వేది కాదు. పెళ్ళై ఏళ్ళు గడిచాయి. వాళ్ళకి పిల్లల్లేరు. తిరగని ఆసుపత్రి లేదు.

ఒక మధ్యాహ్నం ఎవడో చార్జరు కొనడానికి వచ్చినవాడు, చిల్లర జేబులో వేసుకుంటూ అన్నాడు. "పోన్లెండి. ఇంట్లో రాని కడుపు దుకాణంలోనైనా వచ్చింది."

రోడ్డు ఇరుకు. మాట ఇవతలికి వినబడింది. మరదలు ఒక పలక తుడుస్తోంది. వాడు వెళ్ళిపోయాడు. ఆమె ఆ పలకనే తుడుస్తూ ఉంది. ఇంకా తుడుస్తూనే ఉంది. మొగుడు వచ్చి చేతిలోంచి గుడ్డ తీసుకుంటే గానీ ఆపలేదు.

డబ్బాలాయన ఆ మాట అనలేదు. ఆ మాట నిలబడటానికి మెట్టు కట్టింది అతనే. అప్పుడైనా లేచి రోడ్డు దాటొచ్చు. స్క్రూడ్రైవర్ కింద పడితే వంగి వెతుక్కున్నాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

అక్క పోయిన దగ్గర్నుంచీ మరదలు అతనికి భోజనం క్యారియర్ పంపుతోంది. దుకాణాలు విడిపోయినా అది ఆగలేదు. ఆ మర్నాడు తనే తీసుకొచ్చింది. బల్ల మీద పెట్టి కూర్చుంది.

"బావా, ఒకటి అడుగుతా. నిజం చెప్పు. నువ్వు విప్పి చూశావుగా. మా ఆయన సరుకులో నిజంగా లోపముందా?"

"బ్యాటరీ అన్నాక..."

"తిప్పి మాట్లాడకు. ఆయన పిచ్చివాడైపోతున్నాడు. దుకాణంలో ఉన్న పలకలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి చూస్తున్నాడు. ఒకసారి ఊడదీస్తే మళ్ళీ అమ్మడానికి పనికిరావని నీకు తెలుసుగా. 'నేను పిల్లల చేతికి పేలేవి ఇచ్చానా' అంటాడు. ఒక్కటీ ఉబ్బలేదు. అయినా ఆగడు."

డబ్బాలాయన క్యారియర్ వైపు చూశాడు. మూత తీయడానికి చేయి రాలేదు.

"రేపు మేడమ్ తేలుస్తానంది. వద్దంటే ఇంక మేము ఈ వీధిలో ఉండం బావా. ఆ మాటలు పడలేను." ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. "ఇంకోటి. ఆ నెల తప్పిన మాట నీదే అంటున్నారు. టీ కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు. నేను వాణ్ణి తిట్టి పంపించా. మా బావ నాలుక మొరటుదే గానీ, నా గొడవ తెలిసీ అంత మాట అనడు అన్నాను. అనవుగా?"

"నేనెందుకంటాను?"

"అదే. నాకు తెలుసు."

వెళ్ళిపోయింది. అబద్ధం చెప్పడానికి అతనికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. అతన్ని తిననివ్వనిది అదే. క్యారియర్ తెరవకుండానే తిప్పి పంపాడు. కడుపులో బాగాలేదన్నాడు.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళాడు. హెడ్ మేడమ్ గదిలో తోడల్లుడు అప్పటికే ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆవిడ బీరువాలోంచి ఉబ్బిన పలక తీసి బల్ల మీద పెట్టి ఉంది.

"ఆ బ్యాటరీ వీళ్ళది కాదు మేడమ్," అన్నాడు డబ్బాలాయన, కూర్చోకుండానే. "నేను వేశాను. పాడైందని తెలిసే వేశాను."

ఆవిడ అతన్ని, తోడల్లుణ్ణి మార్చి మార్చి చూసింది. అతను ఎదురుచూసింది తిట్లు. ఆవిడ మెత్తగా నవ్వింది.

"మీది మంచి మనసండీ. కుటుంబమంటే అలా ఉండాలి. కానీ మొన్న మీరే కదా సరుకు ఇంతేనన్నారు? ఇప్పుడు అయినవాళ్ళ కోసం నింద నెత్తిన వేసుకుంటున్నారు. మీలాంటి పెద్దమనిషి అబద్ధమాడాల్సి వచ్చిందంటే లోపం ఎంత పెద్దదో నాకర్థమైంది."

తోడల్లుడు లేచి అతని చేయి పట్టుకున్నాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి.

"వద్దన్నయ్యా. నా కోసం నీ పేరు చెడగొట్టుకోకు. సరుకు నాదే. నేనే సరిగ్గా చూసుకోలేదు."

చూడండి ఎంత సుఖమో! నిజం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పైగా పెద్దమనిషి అన్నారు. తన పని తను చేసినట్టే. ఇంటికెళ్ళి తలుపు వేసుకుని, చెప్పాను కదా అనుకోవచ్చు. ఆ ఆలోచన అతనికి వచ్చింది. రాలేదంటే అబద్ధం. తోడల్లుడి చేతిలో చెయ్యి పెట్టి, దాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చాడు కూడా.

తర్వాత ఆ చెయ్యి విడిపించుకుని పలక అందుకున్నాడు. లేచిన అద్దం కింద గోరు పెట్టి లాగాడు. బ్యాటరీ తలగడలా ఉబ్బి ఉంది.

"దీని మీద ఏముందో చదవండి మేడమ్. పలక ఒక కంపెనీది, ఇది ఇంకో కంపెనీది. తయారైన ఏడాది చూడండి. అప్పటికి ఈ పలకే పుట్టలేదు." జిగురు చూపించాడు. "కంపెనీవాళ్ళు నల్ల టేపు వేస్తారు. ఈ పసుపు జిగురు ఊళ్ళో నా దగ్గర తప్ప లేదు. వీళ్ళ మంచి బ్యాటరీ నా బల్ల సొరుగులో ఉంది. అటెండర్ని పంపించి తెప్పించుకోండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"పిల్లలు పట్టుకునే వస్తువులో," అంది చివరికి. ఆ ముక్క పూర్తి చేయలేదు. "మీరు మా గేటు దాటి ఇంకెప్పుడూ రావద్దు. మీ కంప్యూటర్లు మనుషుల్ని పెట్టి పంపిస్తాం." తోడల్లుడి వైపు తిరిగి, "మీరు కూర్చోండి. మాట్లాడుకుందాం," అంది.

డబ్బాలాయన బయటికొచ్చి వరండాలో నిలబడ్డాడు. చాలాసేపటికి తోడల్లుడు వచ్చాడు. బేరం కుదిరింది. మొహంలో ఆ వెలుగేమీ లేదు.

"కొడతావేమో అనుకున్నాను," అన్నాడు డబ్బాలాయన.

"కొట్టేవాణ్ణే. నీకదే కావాలనిపిస్తోంది, అందుకే కొట్టట్లేదు." తోడల్లుడు అతని వైపు తిరిగాడు. "ఆ మాట కూడా నీదేనా?"

ఏ మాటో ఇద్దరికీ తెలుసు.

"నాదే. అమ్మాయికి కూడా చెప్పేస్తాను. ఇప్పుడే వచ్చి..."

"చెప్పకు."

"చెప్పాలిరా. నిన్న నా మొహం మీదే అడిగింది. కాదన్నాను."

"కాదన్నావుగా. అక్కడే ఉండు." తోడల్లుడి గొంతు లేవలేదు. "అక్క పోయాక పుట్టింటివైపు మనిషని చెప్పుకోవడానికి దానికి నువ్వొక్కడివే. నీ కోసం టీ కొట్టువాణ్ణి చెడతిట్టింది. నువ్వు చెప్పేస్తే నీ గుండె బరువు దిగుతుంది. దాని నెత్తికెక్కుతుంది. నీకా సుఖం లేదన్నయ్యా. మొయ్యి."

గేటు బయట మరదలు నిలబడి ఉంది. ఇంట్లో ఉండలేక వచ్చేసినట్టుంది. చెప్పులు రెండు రకాలవి వేసుకొచ్చింది.

"ఏమైంది?"

"కుదిరింది," అన్నాడు మొగుడు. "బ్యాటరీ ఏదో మారిపోయిందట. అన్నయ్యే వచ్చి తేల్చి చెప్పాడు."

ఆమె డబ్బాలాయన వైపు తిరిగింది. మొహం విప్పారింది. ఏడుస్తూ నవ్వుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"చూశావా? నే చెప్తే ఈయన వినలేదు. వీధి వీధంతా నిన్ను ఆడిపోసుకుంటున్నా నేను నమ్మలేదు బావా. ఒక్క రోజు కూడా నమ్మలేదు."

డబ్బాలాయన తోడల్లుడి వైపు చూశాడు. తోడల్లుడు రోడ్డు వైపు చూస్తున్నాడు.

"అవునమ్మాయ్," అన్నాడు డబ్బాలాయన.