పన్నెండు ఫోటోలు, ఒక సమాధి

మూడో సాఫ్ట్‌వేర్ పని ముగించేసరికి మధ్యాహ్నం మూడైంది. లక్ష్మణ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని తెర మీదికి వంగాడు. అతను వెతికిన చోట పచ్చగడ్డి తప్ప ఏమీ లేదు.

శంషాబాద్ రోడ్డు మీది ఆ వెంచర్ ఆఫీసులో అతని పని ఒక్కటే. భూముల ఫోటోలు ముక్కలు ముక్కలుగా తీసి, కంప్యూటర్‌లో అతికించి, ఒకే పొడుగాటి బొమ్మ చేయడం. ఇరవై ఏళ్లు పెళ్లి ఫోటోలు తీసి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషి. కొత్తూరు దగ్గరి నాలుగెకరాలు ఈ కంపెనీకే అమ్మినప్పుడు ఉద్యోగం ఇస్తామన్నారు, ఇచ్చారు. చేను మూలనున్న తండ్రి సోమయ్య సమాధిని కదపబోమని కూడా అన్నారు. ఆ మాట మాత్రం కాగితం మీద పెట్టలేదు.

ఇవాళ్టి పరీక్ష ఆ చేను ఫోటోలతోనే. పన్నెండు ఫోటోలు, మూడు సాఫ్ట్‌వేర్లు. ఏది కొనాలో సాయంత్రానికి తేల్చమన్నాడు మేనేజర్ ఉదయభాస్కర్.

మొదటిది సమాధిని నడిమికి విరిచి తల ఒకచోట, కాళ్లు ఒకచోట పడేసింది. రెండోది నేలనంతా వంచింది గాని సమాధిని ఉంచింది, కాస్త ఒరిగిందంతే. మూడోదాంట్లో అతుకు కనబడితే ఒట్టు. తనకు అతకని సమాధిని చెరిపేసి గడ్డి పరిచింది.

తప్పు తనదేనని లక్ష్మణ్‌కు తెలుసు. ఇలాంటి ఫోటోలకు నిలబడ్డ చోటే తిరగాలి, అడుగు జరగకూడదు. సమాధి వైపు తిరిగేసరికి తండ్రి తలాపు మీద నిలబడ్డట్టు తోచి, చెప్పులు విడిచి రెండడుగులు పక్కకు జరిగాడు. మళ్లీ వెళ్లినా అదే చేస్తాడు.

ఉదయభాస్కర్ వచ్చి వెనక నిలబడ్డాడు. "మూడోది చాలా బాగుందండీ. ఇదే కొనేద్దాం."

"గిండ్ల మా బాపు సమాధి లేదు సార్."

"బ్రోచర్ కోసమే కదా లక్ష్మణ్ గారూ. అది కనబడితే కొనేవాళ్లకు మనసొప్పదు."

"రెండోదాంట్ల ఉంది. జర వంగింది, గంతే. నేను సాపు చేస్త. అమాసకు మా అమ్మ గాడ దీపం పెడ్తది సార్."

ఉదయభాస్కర్ అప్పటికే మూడో బొమ్మను ప్రింటింగ్ వాళ్లకు పంపేస్తున్నాడు. లక్ష్మణ్‌కు ఒళ్లు మండిపోయింది. బండి తీసి నేరుగా కొత్తూరు పోయాడు.

సమాధి ఉంది. దాని తలాపున కొత్తగా పాతిన హద్దురాయి ఉంది. అక్కణ్ణుంచి బయలుదేరిన ప్లాటు హద్దు సున్నపు గీత సరిగ్గా సమాధి మీదుగానే పోయింది. మధ్యాహ్నం నుంచి సాఫ్ట్‌వేర్‌నూ, తననూ తిట్టుకున్నాడు. ఈ గీత గీసింది మాత్రం మనుషులు, తనకు మాటిచ్చిన మనుషులు.

"ఇగ చాలు," అన్నాడు పైకే. రాయిని రెండు చేతులా ఊపి ఊపి పెకలించాడు. గోళ్లు చిట్లాయి. బండి ముందు పెట్టుకుని పొద్దు గూకకముందే ఆఫీసుకు తెచ్చి, మేనేజర్ బల్ల మీద దించాడు.

"ఏమిటండీ ఇది?" ఉదయభాస్కర్ లేచి నిలబడ్డాడు.

"మీ నలభై రెండో ప్లాటు. రేపటిసంది నేను పనికి రాను సార్. మా బాపు కాడనే కూసుంట. ఎవడొస్తడో రానియ్యి, చూస్త."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

బల్ల మీది కొత్త బ్రోచర్ నమూనా మీద, ఆ పచ్చగడ్డి బొమ్మ మీద, ఎర్రరంగుతో 42 అని రాసిన రాయి అడ్డంగా పడి ఉంది, అడుగున అంటుకున్న మట్టి ఇంకా తడిగానే ఉంది.